శేఖ్ గారింట్లో నేను తాగని కహ్వా

మా తమ్ముడి మనవరాలు లావణ్య సివిల్ ఇంజినీరు. పోయిన ఏడాది మస్కట్‌లో ఉద్యోగం దొరికి ఘుబ్రాలో ఉంటోంది. ఒకరోజు ఫోన్ చేసి, "తాతా, మా ఫైలు మునిసిపాలిటీలో మూడు వారాలుగా కదలడం లేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంకేం చేయాలి?" అని అడిగింది. కాగితాలు సరిగ్గా ఉంటే పని అయిపోతుందని నేనూ ఒకప్పుడు నమ్మినవాణ్ణే. ఫోన్‌లో చెప్తే తెమిలేది కాదు, రాసి పంపుతానన్నాను. అదే ఇది. ఆమెకే కాదు, ఆ దేశంలో ఆఫీసు మెట్లు ఎక్కే పిల్లలెవరికైనా పనికొస్తే సంతోషం. పనికిరాకపోతే ముసలాడి చాదస్తం అనుకుని పక్కన పెట్టండి.

నా అసలు పని

నేను ఒమాన్ వెళ్లింది డెబ్బైల మధ్యలో. కడప దగ్గర పల్లె మాది. డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, కొన్నాళ్లు మన దగ్గరే రోడ్ల శాఖలో గీతలు గీసి, బొంబాయి మీదుగా అక్కడికి చేరాను. ఇబ్రా వైపు పోయే దారిలో ఒక చిన్న పట్నం. పేరు రాయను, ఆ కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. అప్పుడే కొత్తగా బలదియా పెట్టారు. బలదియా అంటే మునిసిపాలిటీ. రెండు గదులు, ఒక బండి, ఒక డ్రాయింగ్ బల్ల.

ఆ రోజుల్లో ఓట్లూ ఎన్నికలూ లేవు. ప్రభుత్వం పంపిన అధికారి ఊరి పెద్దల్లో అయిదుగుర్ని ఎంచి కమిటీ వేశాడు. దుకాణాలు ఎక్కడ రావాలి, లారీలు ఎక్కడ ఆగాలి, చెత్త ఎక్కడ పోయాలి, ఇవన్నీ ఆ అయిదుగురు తేల్చాలి. నేను గీసిన మ్యాపు చూసి తేలుస్తారని అనుకున్నాను. మొదటి ఆరు నెలలు ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

కమిటీ మీటింగు అరగంటలో అయిపోయేది. ఎవరూ వాదించుకునేవారు కాదు. ఎందుకంటే తేలాల్సింది అంతకుముందు వారమే పెద్దల ఇళ్లలో తేలిపోయేది. ప్రతి పెద్దమనిషి ఇంటి ముందు భాగంలో మజ్లిస్ ఉంటుంది. చాపలు పరిచిన పొడవాటి గది, తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. పొద్దు గూకకముందు చేసే సాయంత్రం నమాజు అయ్యాక ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఖర్జూరాలు పెడతారు, చెవి లేని చిన్న కప్పుల్లో కహ్వా పోస్తారు. ఏలకులు వేసిన చేదు కాఫీ అది, చక్కెర ఉండదు. వచ్చినవాళ్లు ముందు వానల గురించి, ఒంటెల గురించి, ఎవరి కూతురికి ఎక్కడ సంబంధం కుదిరిందో దాని గురించి మాట్లాడతారు. అసలు పని లేచేముందు ఒక ముక్కలో చెప్తారు. ఒక్కోసారి అదీ చెప్పరు. వాళ్లు వచ్చి కూర్చున్నారంటేనే చెప్పినట్టు.

లంచాల గురించి రాస్తానని ఎదురుచూడకండి. నేను చూసింది అంతకంటే మర్యాదైనది, అంతకంటే బలమైనది కూడా. ఒక మనిషి మీ ఇంటికి మూడు సాయంత్రాలు వచ్చి, ఏమీ అడగకుండా కూర్చుని వెళ్తే, నాలుగో రోజు మీరే అడుగుతారు, ఏం కావాలని.

నా అసలు పని ఆ గదుల్లో కూర్చోవడమని నాకు మెల్లగా తెలిసింది. మ్యాపు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లేవాణ్ణి. నాతో పాటు దుబాసీ ఖాజా వచ్చేవాడు. మా కడపవాడే, ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మన తెలుగు, ఆఫీసులో అరబ్బీ. ముప్పై ఏళ్లకే జుట్టు నెరిసింది. "అందరి మాటలూ నా నోట్లోంచి పోతాండాయి, నా మాట యాడుండాదో నాకే తెలీదు" అనేవాడు.

మా ఇంట్లో తరతరాలుగా శనివారం ఒక్కపొద్దు. మా అమ్మ పట్టిన పట్టు కొంచెం గట్టిది. దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. నేను ఆ ఎడారి ఎండలో కూడా వదల్లేదు. శనివారం ఏ మజ్లిస్‌కు పోయినా ఖాజా ముందే చెప్పేసేవాడు, ఈయన ఈరోజు నీళ్లు కూడా తాగడని. ఉపవాసమంటే వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు కదా. తల ఊపి కప్పు నా పక్కనుంచి దాటించేవారు.

ఎవరి బండి దిగావు

పెద్ద సంగతికి ముందు ఒక చిన్న తప్పు చెప్తాను, ఎందుకంటే మీలో సగంమంది ఇదే చేస్తారు.

లారీల స్టాండుకు చోటు కొలవాలి. ఊరికి ఒక చివర ఒక వర్తకుడి గోదాములు, ఇంకో చివర ఇంకొకరివి. స్టాండు ఎవరి వైపు వస్తే వాళ్ల వ్యాపారం పెరుగుతుంది. ఆఫీసు బండి మా ముదీర్ తీసుకుపోయాడు. ముదీర్ అంటే మేనేజరు. సూడాన్ దేశస్థుడు, సన్నగా పొడుగ్గా, నవ్వు చాలా ఖరీదన్నట్టు ఉండేవాడు. టేపు భుజాన వేసుకుని ఎండలో నడుస్తుంటే పడమటి వైపు వర్తకుడు బండి ఆపి ఎక్కించుకున్నాడు. మంచి మనిషి. దారిలో నా పిల్లల పేర్లు అడిగాడు, స్టాండు మాటే ఎత్తలేదు. చల్లటి నీళ్లిచ్చి సైట్ దగ్గర దించాడు.

నేను నిజాయితీగా కొలిచాను. లెక్క ప్రకారం పడమటి చోటే బాగుంది, అదే రాశాను. కమిటీ కాగితం తిప్పి చూసి పక్కన పెట్టింది. ముదీర్ నన్ను పిలిచాడు.

"నీ కొలత సరైనదే. కానీ నువ్వు ఎవరి బండిలోంచి దిగావో ఊరంతా చూసింది. ఇప్పుడు అది నీ కొలత కాదు, అతని కొలత."

"నేనేం తీసుకోలేదు సార్, నీళ్లు తప్ప."

"అదే నేను చెప్పేది. నువ్వు ఏమీ తీసుకోలేదని చెప్పుకోవాల్సి వచ్చింది. నీ పెన్సిల్‌కు నోరు ఉండకూడదు. దానికి స్నేహితులు కూడా ఉండకూడదు."

ఆ స్టాండు మళ్లీ ఇంకొకరితో కొలిపించారు. అదే చోటు వచ్చింది, ఈసారి అందరూ ఒప్పుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ముదీర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ ఊళ్లో ప్రతి చిన్న పనికీ ఒక అర్థం ఉంటుంది, ఆ అర్థం నీకు తెలియకపోయినా అది నీ ఖాతాలోనే పడుతుంది. అది నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకోలేదని త్వరలోనే తెలిసింది.

మూడు చోట్లు

రోడ్డు పని చేసే కంపెనీలో నలభై మంది మనవాళ్లు ఉండేవారు. ఎక్కువమంది జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల మేస్త్రి మల్లయ్య. నాకంటే పదేళ్లు పెద్దవాడైనా నన్ను సారూ అనేవాడు. వాళ్ల రూములంటే రేకుల షెడ్లు, ఊరికి ఎగువన ఫలజ్ పక్కనే వేశారు. ఫలజ్ అంటే కొండల్లోంచి తవ్వుకుని తెచ్చుకున్న నీటి కాలువ. ఆ ఊరి ప్రాణం అదే. మొదట తాగే నీళ్లు పట్టుకునే చోటు, తర్వాత స్నానాల చోటు, ఆ తర్వాత తోటలకు గంటల లెక్కన వంతులు. మనవాళ్లకు ఈ వరుస తెలియదు. డ్యూటీ దిగి వచ్చి, తాగే నీళ్లు పట్టుకునే చోటికి పైన కూర్చుని సబ్బు రుద్దుకున్నారు.

ఖర్జూర తోటల వాళ్లకు కోపం రాదా మరి? వాళ్ల తరఫున సైఫ్ అనే ఆయన తిరిగేవాడు. కాలువ పంపకాలు చూసే మనిషి, మాట కరుకు, మనసు చెడ్డది కాదు. ఒకరోజు ఆఫీసుకు వచ్చి, నురుగు తేలుతున్న నీళ్లు ఒక సీసాలో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇంజినీరూ, నీ పిల్లలకు ఇవి తాగిస్తావా?"

షెడ్లు అక్కడి నుంచి తీసేయాలి, అందులో రెండో మాట లేదు. ఎక్కడికి అన్నదే ప్రశ్న.

తోటల వాళ్లు, కంపెనీ కలిసి ఒక చోటు చూపించారు. ఊరి దిగువన వాదీ, అంటే ఎండిన ఏరు. చదునైన గులకరాళ్ల నేల, ఎవరి సొంతమూ కాదు, ఎవరికీ అడ్డం కాదు. కంపెనీకి ఖర్చు లేదు. నేను కొలతకు వెళ్తే మల్లయ్య కూడా వెంట వచ్చాడు. ఏరు మధ్యలో ఒక తుమ్మ చెట్టు. దాని కొమ్మల్లో, నా తలకంటే పైన, ఎండిపోయిన ఖర్జూరం మట్టలు చిక్కుకుని ఉన్నాయి. దగ్గర్లో ఒక్క ఖర్జూరం చెట్టు కూడా లేదు.

మల్లయ్య చాలాసేపు పైకి చూశాడు.

"సారూ, గీ మట్టలు ఎగిరచ్చినయా?"

"లేదు. నీళ్లే తెచ్చినాయి."

"గంతెత్తు దాంక నీళ్లచ్చినయంటే మా రూములెంత, మేమెంత. మమ్ముల యాడికన్న పంపుండ్రి సారూ, పోతం. గని గీడ గాదు."

మూడో చోటు ఉంది. బజారు వెనక రాతి మిట్ట. ఫలజ్‌కు దూరం, ఏటికి ఎత్తు. బజారువాళ్లు సంబరపడ్డారు, నలభై మంది కొనేవాళ్లు గుమ్మంలోకి వస్తే ఎవరికి చేదు? కానీ ఆ మిట్ట మీద నిలబడితే సైఫ్ వాళ్ల వాడ ఇళ్ల పెరళ్లు కనిపిస్తాయి. ఆడవాళ్లు తలమీద గుడ్డ లేకుండా తిరిగే చోటు అది. పెళ్లాం పిల్లలు దగ్గర లేని నలభై మంది మగవాళ్లను దాని పైన కూర్చోబెడతామంటే ఏ ఊళ్లో ఒప్పుకుంటారు? మా ఊళ్లో అయితే కర్రలు లేచేవి. సైఫ్‌ను విలన్‌ను చేయాలని నాకు లేదు. వాదీ ఎప్పుడో పదేళ్లకో ఇరవై ఏళ్లకో వస్తుంది, పెరడు మాత్రం రోజూ కనిపిస్తుంది.

ఆ వారం ఊళ్లో ప్రతి మజ్లిస్ నిండిపోయింది. తోటల వాళ్లు గుంపుగా వెళ్లారు. కంపెనీ మేనేజరు మంచి బట్టలు వేసుకుని వెళ్లాడు. బజారువాళ్లు ఒక్కొక్కరుగా, ఒకరికి తెలియకుండా ఒకరు వెళ్లామనుకుంటూ వెళ్లారు. కమిటీలో ఇద్దరు వాదీ అన్నారు, ఇద్దరు మిట్ట అన్నారు. మిగిలింది శేఖ్ హమూద్, శేఖ్ అంటే తెగకు పెద్ద. డెబ్బై దాటిన మనిషి, ఒక కన్ను సరిగ్గా కనిపించదు. ఆయన ఎటంటే అటు. పైగా సైఫ్ ఆయనకు స్వయానా బావమరిది.

మల్లయ్య వాళ్ల తరఫున ఎవరూ ఏ ఇంటికీ పోలేదు. ఎవరు పోతారు? వాళ్లకు భాష రాదు. ఆ గడప ఎక్కవచ్చని కూడా వాళ్లకు తెలియదు.

శనివారం

ఖాజా అప్పుడు సెలవు మీద కడప పోయి ఉన్నాడు, ఆ ఆదివారం దిగాలి. మీటింగు మంగళవారం. శేఖ్ గారి దగ్గర్నుంచి కబురు వచ్చింది, మూడు చోట్ల మ్యాపు తీసుకుని శనివారం సాయంత్రం రమ్మని. ఆదివారం ఖాజాతో కలిసి వస్తానని చెప్పి పంపాను. శనివారమే రావాలని మళ్లీ కబురు. సరే, వెళ్లాను. మూడేళ్లలో నాకూ ఆ భాష కొంత పట్టుబడింది, మ్యాపు చూపించి రావడానికి చాలు.

గదిలో ఆయన ఒక్కరే ఉన్నారు. పని మనిషి కహ్వా పోసి అందించాడు. ముందే చెప్పడానికి ఖాజా లేడు, నాకు ఆ క్షణాన తోచలేదు. మన అలవాటు మీకు తెలుసు కదా, ఇచ్చింది వద్దంటే మర్యాద కాదు, చేత్తో తీసుకుని పక్కన పెడితే ఇచ్చినవాళ్ల మనసు నొచ్చుకోదు. అలాగే కప్పు అందుకుని, పెదవికి తగలనివ్వకుండా నా ముందు చాప మీద పెట్టాను.

పని మనిషి కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. శేఖ్ గారు కప్పు వైపు చూశారు, నా వైపు చూశారు.

"అడుగు" అన్నారు.

"అడగడానికి రాలేదు శేఖ్. మ్యాపు చూపించడానికి వచ్చాను."

"చూపించు. తర్వాత అడుగు."

చూపించాను. ఆయన వేలు వాదీ మీద ఆగింది. "ఇది ఎలాంటి చోటు?"

ముదీర్ మాట గుర్తుంది. పెన్సిల్‌కు నోరు ఉండకూడదు. కానీ మల్లయ్య మెడ ఎత్తి చూసిన ఆ మట్టలు కూడా కళ్ల ముందున్నాయి. నోరు ఆగలేదు. తుమ్మ చెట్టు సంగతి చెప్పాను. "ఆ నలభై మందిని అక్కడ పెట్టకండి శేఖ్. మిట్ట మీద పెట్టండి" అన్నాను.

"సైఫ్ వాళ్ల పెరళ్లు?"

జేబులోంచి పెన్సిల్ తీసి మ్యాపు అంచున గీశాను. రూములన్నీ ఒకే వరుస. తలుపులు, కిటికీలు అన్నీ కొండ వైపు. ఊరి వైపు కిటికీ లేని నిండు గోడ, మనిషి ఎత్తు కన్నా రెండు అడుగులు ఎక్కువ. ఆయన మంచి కన్ను దగ్గరగా పెట్టి చూశారు.

"తాగు. నువ్వు వచ్చిన పని అయింది."

"ఈరోజు నాకు ఉపవాసం. పొద్దు గూకేదాకా ఏమీ తాగకూడదు."

ఆయన గడ్డం నిమురుకున్నారు. "అయితే పొద్దు గూకేదాకా కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. జనం రావడం మొదలైంది. సైఫ్ వచ్చాడు, తోటల వాళ్లు వచ్చారు, కంపెనీ మేనేజరు వచ్చాడు, బజారు పెద్దలు ఇద్దరు వచ్చారు. వచ్చినవాడు వచ్చినట్టు నా మొహం చూసి, నా ముందున్న నిండు కప్పు చూసి, మాట తగ్గించేశాడు. సైఫ్ అయితే సగం ఖర్జూరం నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నాకేమో నోరు ఎండిపోతోంది, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. వీళ్లందరూ నా దాహం చూసి జాలిపడుతున్నారు కాబోలు అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

పొద్దు గూకింది, మగ్రిబ్ నమాజు పిలుపు వినబడింది. శేఖ్ గారు పాత కప్పు తీయించి, వేడిగా పోయించి, అందరూ చూస్తుండగా తన చేత్తో అందించారు. గటగటా తాగేశాను. అంత రుచైన కహ్వా మళ్లీ తాగలేదు.

ముదీర్ అడిగిన ప్రశ్న

ఆదివారం మధ్యాహ్నం ఖాజా రూముకు వచ్చాడు. బ్యాగు దించకుండానే నన్ను చూసి తల పట్టుకున్నాడు.

"ఏంది రెడ్డెన్నా నువ్వు చేసిండేది? దిగీ దిగంగానే బజారంతా ఇదే మాట."

"ఏం చేసినానప్పా? శనివారం గదా, కప్పు పక్కన పెట్టినా."

"పక్కన పెడితే ఏమి అర్థమో తెలుసా నీకు? పెద్దింట్లో కహ్వా తీసుకోని తాగకుండా కింద పెట్టినావంటే, నా కోరిక తీరిస్తేనే తాగుతానని. ఆయప్ప తాగమన్న్యాడంటే మాట ఇచ్చినట్టు. పెళ్లి సంబంధాలకు, ఖూనీ రాజీలకు పెడతారన్నా అట్ల. మునిసిపాలిటీ పనికి ఎవురూ పెట్టిండరు."

అంతలో ముదీర్ దగ్గర్నుంచి పిలుపు. ఆయన కేకలేయలేదు, అదే భయంగా ఉంది. సైఫ్ ఫిర్యాదు చేశాడు, బలదియా జీతగాడే ఒక పక్షం తరఫున పెద్దమనిషిని అడుక్కున్నాడని.

"మంగళవారం కమిటీ ముందు నిన్ను ఒకటే ప్రశ్న అడుగుతాను. ఆ కప్పు ఎందుకు దించావని. ఉపవాసం వల్ల అయితే ఆ మాట చెప్పు, ఇక్కడితో పోతుంది. వాళ్ల కోసం అడగడానికే వెళ్లానంటే నీకు బొంబాయికి టికెట్ తీయిస్తాను."

ఉపవాసమే నిజం. చెప్తే నా ఉద్యోగం నిలుస్తుంది. కానీ అడగని కోరికకు ఇచ్చిన మాట చెల్లదు. శేఖ్ గారిని ఆ మాట నుంచి విడిపించినట్టే. బావమరిది పక్కనే కూర్చుని ఉంటాడు, ఇక వాదీయే. చెప్పకుండా మింగేస్తే నేను ఇంటికి. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, చెల్లెలి చదువు, అన్నీ నా మీదే నడుస్తున్నాయి.

సోమవారం మల్లయ్య వచ్చాడు. సంగతి వాళ్లకూ చేరిపోయింది. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మా కోసం నీ నౌకరి పోగొట్టుకోకు సారూ. ఉన్నదున్నట్టు చెప్పు. గా చెట్టు సంగతి ఒక్కటి మతికుంచుకుంటం, మబ్బు వడితే లేసి గడ్డకెక్కుతం."

నలభై మంది వంతులు వేసుకుని మబ్బులు చూస్తూ పడుకుంటారని చెప్తున్నాడు ఆయన, నన్ను ఓదార్చడానికి. నాకు ఏడుపొచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

మంగళవారం. అయిదుగురూ చాప మీద కూర్చున్నారు, సైఫ్ గోడకు ఆనుకుని ఉన్నాడు. ముదీర్ అడిగాడు. తప్పు మాట దొర్లకుండా తెలుగులోనే చెప్తానని ఖాజాతో అన్నాను.

"కప్పు కింద పెట్టింది ఉపవాసం వల్లే. దానికి అంత అర్థం ఉందని నాకు తెలియదు. కానీ శేఖ్ గారు అడిగినప్పుడు ఆ నలభై మందిని ఏట్లో పెట్టొద్దని అన్నాను చూడండి, అది మాత్రం నేను అడుక్కోవడమే. అది నా పని కాదు, అయినా అడిగాను. ఇప్పుడు కూడా అదే అడుగుతున్నాను."

ఖాజా నా వైపు ఒకసారి చూశాడు, మొదటి వాక్యం మింగేయమంటావా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఉన్నదున్నట్టు చెప్పాడు.

శేఖ్ గారు చేతికర్ర సర్దుకున్నారు.

"అతను నా ఇంట్లో అడిగాడు. నేను తాగమన్నాను. తాగాడు. మీరందరూ చూశారు. ఇంకేముంది ఇందులో?" తర్వాత మ్యాపు సైఫ్ ముందుకు తోశారు. "ఈ గోడ చూడు. ఇంకో అడుగు ఎత్తు కావాలంటే చెప్పు, కంపెనీ కడుతుంది."

సైఫ్ చాలాసేపు చూశాడు. "రెండడుగులు" అన్నాడు. అంతే, తేలిపోయింది.

ముదీర్ నన్ను పంపేయలేదు. నిజం చెప్పానన్న ఒక్క కారణంతో. కానీ ఏడాదిపాటు సైట్‌కు పోనివ్వలేదు, పాత మ్యాపుల నకళ్లు తీస్తూ గదిలో కూర్చున్నాను. ఆ శిక్ష న్యాయమే. ఆఫీసు మనిషి ఒక పక్షం వైపు మాట్లాడటం మొదలుపెడితే రేపు వాదీ వైపు మాట్లాడేవాడు కూడా ఉంటాడు. మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తావని అడుగుతారేమో. అదే చేస్తాను, అదే శిక్ష పడుతుంది. రెండూ సరైనవే.

ఇంకో మాట. నేనున్న ఏళ్లలో ఆ వాదీ ఒక్కసారి కూడా రాలేదు. వచ్చి ఉంటే నా కథకు నిండుదనం వచ్చేది. రానందుకే సంతోషం.

సెలవు తీసుకున్న రోజు

కొన్నేళ్ల తర్వాత మస్కట్‌లో వేరే కొలువు దొరికి ఆ ఊరు వదిలాను. బయల్దేరే ముందు శేఖ్ హమూద్ గారి దగ్గరికి వెళ్లాను. రెండో కన్ను కూడా మసకబారింది. గొంతు విని గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఎప్పట్నుంచో మనసులో నలుగుతున్నది అడిగేశాను.

"ఆ రోజు నేను ఉపవాసమని మీకు ఎప్పుడు తెలిసింది శేఖ్?"

"నా ఇంటికి ఎన్ని శనివారాలు వచ్చావు? ప్రతిసారీ మీ ఖాజా ఏం చెప్పేవాడు?"

నాకు మెల్లగా వెలిగింది. ఖాజా లేని వారం. శనివారమే రావాలని రెండోసారి కబురు. పొద్దు గూకేదాకా కూర్చోమనడం.

"వాదీ సంగతి మీకు ముందే తెలుసు" అన్నాను.

"ఆ మట్టలు చిక్కుకున్న రోజు నేను ఇక్కడే ఉన్నాను. నా ఒంటెలు రెండు పోయాయి."

"మరి ఆ మాటే సైఫ్‌తో అనొచ్చు కదా?"

"నా భార్య తమ్ముడితో ఏమనాలి? నీ పెరడు కన్నా ఆ కూలీలు ఎక్కువని అనాలా? అంటే నా ఇల్లు రెండు ముక్కలవుతుంది. ఇంటికి వచ్చినవాడు కప్పు దించి అడిగాడంటే, ఇక నన్నెవరూ ఏమీ అనలేరు. సైఫ్ కూడా తన వాళ్లకు అదే చెప్పుకోగలడు. ఆ వారం తోటల వాళ్లు వచ్చారు, కంపెనీ వచ్చింది, బజారు వచ్చింది. నీ వాళ్ల కోసం ఎవరైనా వస్తారేమోనని చూశాను. రోజూ చూశాను. ఎవరూ రాలేదు. అందుకని నిన్ను పిలిపించాను."

లావణ్యా, నీ ఫైలు సంగతి నాకు తెలియదు. ఆ మునిసిపాలిటీలో నిన్ను కాదనేవాడు చెడ్డవాడనుకోకు. నీకు సరేనన్నాక ఇంటికి పోయి తనవాళ్లకు ఏమని చెప్పుకోవాలో తెలియక కూర్చుని ఉంటాడు. ముందు అది ఆలోచించి పెట్టు. నీకు వచ్చిన భాష రానివాళ్లు, ఆ గడప ఎక్కని వాళ్లు కూడా నీ మ్యాపులో ఎక్కడో ఉంటారు. వాళ్లనూ ఒకసారి వెతుకు.

శేఖ్ గారు ఆ మాట అన్నాక పని మనిషి కూజా తీసుకుని వచ్చాడు. నన్ను చూసి, వేళ్ల మీద వారం లెక్కపెట్టుకుని, నా పక్కనుంచి దాటిపోబోయాడు. ఆ రోజు కూడా శనివారమే. నేను చెయ్యి చాపి కప్పు అడిగి తీసుకున్నాను. అమ్మను తలుచుకుని తాగేశాను.